ఎలుక కడుపులో పడిన మందు ఏమవుతుంది? మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక జవాబు మధ్యలో, "ఎలుకకు పెట్టిన పురుగుమందు ఎలుక ఒంట్లో పురుగుమందుగానే ఉండిపోదు" అని రాసి వదిలేశాను. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం మీదే. ఉద్యోగమంతా ప్రయోగశాలలో ఎలుకల మూత్రం సీసాల మధ్య గడిపినదాన్ని కాబట్టి నాకు సంతోషమే. భోజనం చేస్తూ పత్రిక చదివే అలవాటున్నవారు మాత్రం తిన్నాకే దీన్ని చదవండి.

*

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది సత్తెనపల్లి దగ్గర పల్లె, మిర్చి వేస్తాం. ప్రతి మందునూ ముందుగా ఎలుకల మీద పరీక్షించాకే అమ్ముతారని డీలరు చెబుతుంటాడు. పరీక్ష అంటే మందు పెట్టి, చచ్చిందా బతికిందా అని చూడటమేనా?
(ఒక రైతు, పల్నాడు జిల్లా)

జవాబు: అదీ ఒక పరీక్షేనండీ. ఎంత మోతాదుకు సగం ఎలుకలు చస్తాయో చూసి, ఆ లెక్కను బట్టే డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఏదో ఒకటి వేస్తారు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు కిలో శరీర బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే చస్తే ఎరుపు. 5,000 దాటితే ఆకుపచ్చ. కానీ చావు లెక్క చెప్పేది చాలా తక్కువ. మందు ఒంట్లోకి ఎంత ఎక్కింది, ఏ అవయవంలోకి పోయింది, ఏ రూపంలోకి మారింది, ఎంతసేపట్లో బయటికి వచ్చింది అన్నవి తెలియకుండా మిగతా పరీక్షల ఫలితాలను చదవడం కష్టం. నేను చేసిన పని అదే.

ఎలుక మూత్రంలో లెక్కలేనన్ని పదార్థాలుంటాయి. వాటిలో మన మందు నుంచి పుట్టింది ఏదో పట్టుకోవాలి. అందుకని మందును తయారు చేసేటప్పుడే దాని అణువులో ఒక మామూలు కార్బన్ బదులు కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ పెడతారు. సంతకు తోలే ఎద్దు కొమ్ముకు రంగు పూసినట్టు, ఇది ఆనవాలు. మందు ముక్కలైనా, రూపం మారినా, ఆనవాలున్న ముక్క ఎక్కడికి చేరితే అక్కడ రేడియోధార్మికత కనిపిస్తుంది. కార్బన్-14 అర్ధాయువు, అంటే అది సగానికి తరిగే కాలం, 5,730 సంవత్సరాలు, కాబట్టి ప్రయోగం నడిచే వారంలో ఆనవాలు చెరిగిపోతుందన్న భయం లేదు. దాని నుంచి వచ్చే బీటా కిరణాలు గాజు సీసా గోడను కూడా దాటలేనంత బలహీనమైనవి.

ఆనవాలు అణువులో ఏ చోట పెట్టాలన్నదే అసలు తెలివి. మీకు తెలిసిన క్లోరిపైరిఫాస్‌నే తీసుకోండి. అందులో ఒక పక్క క్లోరిన్‌లున్న పిరిడిన్ వలయం, మరో పక్క భాస్వరానికి అతుక్కున్న రెండు ఇథైల్ భాగాలు. ఎలుక దాన్ని సరిగ్గా మధ్యకు విరుస్తుంది. ఆనవాలు ఇథైల్ వైపు పెడితే వలయం సంగతి తెలియదు, వలయం మీద పెడితే ఇథైల్ సంగతి తెలియదు. ఇలా రెండుగా విరిగే మందులకు రెండు చోట్లా ఆనవాలు పెట్టి రెండు ప్రయోగాలు చేయాలి. ఒక్కటే చేసి ముగించిన నివేదిక నా బల్ల మీదికి వస్తే, అట్ట ఎంత అందంగా ఉన్నా వెనక్కి పంపేదాన్ని.

ఇక ఎలుక సంగతి. సాధారణంగా విస్టార్ లేదా స్ప్రేగ్-డాలీ జాతి తెల్ల ఎలుకలు వాడతారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇలాంటి జంతువులను పెంచి ప్రయోగశాలలకు ఇచ్చేది. సన్నని గొట్టంతో మందును కడుపులోకి ఎక్కించి ఎలుకను మెటబాలిక్ కేజ్‌లో వదులుతారు. అడుగున జల్లెడ, దాని కింద గరాటు. మూత్రం ఒక సీసాలోకి, మలం మరొక దానిలోకి పోతాయి. ఎలుకకు తన మలం తానే తినే అలవాటు ఉంది. జల్లెడ లేకపోతే బయటికి వచ్చిన మందు మళ్ళీ లోపలికి పోయి లెక్కంతా తారుమారు అవుతుంది. మూత్రం సీసా చుట్టూ పొడి మంచు ఉండాలి, లేదంటే మూత్రంలో పెరిగే సూక్ష్మజీవులు మనకన్నా ముందే దాన్ని విరిచేస్తాయి. ఊపిరితో కార్బన్ డయాక్సైడ్‌గా పోయే భాగం ఉంటే దాన్ని క్షార ద్రావణంలో పట్టుకోవాలి. ఇలా ఏడు రోజులు, లేదా ఇచ్చిన మందు దాదాపు అంతా బయటపడే వరకు. చివరికి కాలేయం, మూత్రపిండాలు, కొవ్వు, మెదడు, రక్తం, మిగిలిన దేహం, ఆఖరికి కేజ్ కడిగిన నీళ్ళు కూడా కొలిచి కూడాలి. ఇచ్చిన దానిలో 90 శాతానికి పైగా లెక్క తేలాలి. తేలకపోతే మిగతాది ఎటు పోయిందో వివరణ ఇవ్వాలి. మోతాదులో 5 శాతానికి చేరిన ప్రతి కొత్త పదార్థాన్నీ నిర్మాణంతో సహా గుర్తించాలి. 1984లో వచ్చి 2010లో సవరణ పొందిన ఓఈసీడీ (అభివృద్ధి చెందిన దేశాల ఆర్థిక సహకార సంస్థ) 417వ నంబరు పద్ధతి ఇదంతా వివరిస్తుంది.

అందరూ తడబడే చోటు ఒకటి చెబుతాను. మలంలో మందు కనిపించింది. అది అసలు ఒంట్లోకి ఎక్కనే లేదా, లేక రక్తంలోకి ఎక్కి, కాలేయానికి పోయి, పైత్యరసంతో పేగులోకి తిరిగి వచ్చిందా? మలాన్ని ఎంత కొలిచినా ఈ రెండింటినీ విడదీయలేం. పైత్యనాళంలో గొట్టం అమర్చిన ఎలుకలతో విడిగా చూడాలి. గ్లైఫోసేట్ అనే కలుపుమందును మింగించినప్పుడు మూడో వంతుకు అటూ ఇటూగా మాత్రమే రక్తంలోకి ఎక్కుతుందనీ, మిగతాది పేగు దాటకుండానే మలంలో పోతుందనీ, ఎక్కినది కూడా దాదాపు రూపం మారకుండా మూత్రంలో వచ్చేస్తుందనీ ఈ రకమైన పనితోనే తేలింది.

*

ప్రశ్న: మలాథియాన్, పారాథియాన్ రెండూ ఆర్గానోఫాస్ఫేట్లే. రెండూ నరాల దగ్గర ఒకే ఎంజైమును కట్టివేస్తాయని మా పాఠంలో ఉంది. మరి పారాథియాన్ కొద్ది మిల్లీగ్రాములకే ఎలుకను చంపుతుంటే మలాథియాన్ అంతగా ఎందుకు చంపదు?
(బీఎస్సీ విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: నీ పాఠంలో రాసింది సగమేనమ్మా. డబ్బాలో ఉన్న రూపంలో ఆ రెండూ నువ్వు చెప్పిన ఆ నరాల ఎంజైమును, అంటే ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను, పెద్దగా ఏమీ చేయలేవు. రెండింటిలోనూ భాస్వరానికి గంధకం అతుక్కుని ఉంటుంది. కాలేయంలోని సైటోక్రోమ్ పి450 ఎంజైములు ఆ గంధకాన్ని తీసి ఆక్సిజన్‌ను పెడతాయి. అప్పుడు పారాథియాన్ పారాక్సాన్ అవుతుంది, మలాథియాన్ మలాక్సాన్ అవుతుంది. నరాల ఎంజైమును పట్టేవి ఇవే. పురుగులోనూ ఇదే జరుగుతుంది. ఇంతవరకు ఎలుకకూ పురుగుకూ తేడా లేదు.

తేడా రెండో దారిలో ఉంది. మలాథియాన్ అణువుకు ఒక పక్క రెండు కార్బాక్సిల్ ఎస్టర్లు ఉన్నాయి. ఎలుక ఒంట్లో సమృద్ధిగా ఉండే కార్బాక్సిలెస్టరేజ్ అనే ఎంజైము వాటిలో ఒకదాన్ని కోసేస్తుంది. కోసిన చోట ఆమ్లం ఏర్పడుతుంది, నీటిలో కరుగుతుంది, మూత్రంలో పోతుంది. దానికి విషం లేదు. మలాక్సాన్‌కు కూడా ఇదే గతి. చాలా పురుగుల్లో ఈ ఎంజైము తక్కువ కాబట్టి వాటిలో మలాక్సాన్ పేరుకుపోతుంది. మలాథియాన్‌కు లొంగని కొన్ని దోమల్లో చూస్తే, అవి పెంచుకున్నది కూడా ఈ ఎంజైమునే. పారాథియాన్‌కు అలాంటి ఎస్టర్ లేదు. అందుకే సగం ఎలుకలు చావడానికి మగ ఎలుకకు కిలోకు 13 మిల్లీగ్రాములు, ఆడ ఎలుకకు 4 కన్నా తక్కువ చాలు. మలాథియాన్‌కు అదే లెక్క 1,000 దాటుతుంది. ఆడ, మగ తేడాను కూడా గమనించు. ఒకే జాతిలోనే ఇంత తేడా ఉంటే జాతుల మధ్య ఇంకెంత ఉంటుందో చూసుకో.

ఇప్పుడు పుస్తకంలో లేని భాగం. మలాథియాన్ భద్రత మొత్తం ఆ ఒక్క ఎంజైము మీద నిలబడి ఉంది. దాన్ని ఎవరైనా కట్టేస్తే? 1957లో అమెరికాలో ఈపీఎన్ అనే మరో ఆర్గానోఫాస్ఫేట్‌ను మలాథియాన్‌తో కలిపి జంతువులకు ఇచ్చినప్పుడు, రెండింటి విషాన్ని కూడితే రావలసిన దానికన్నా ఎన్నో రెట్లు విషం కనిపించింది. ఈపీఎన్ కార్బాక్సిలెస్టరేజ్‌ను కట్టేసింది, మలాథియాన్‌కు అడ్డు లేకుండా పోయింది. 1976లో పాకిస్తాన్‌లో మలేరియా దోమల మీద మలాథియాన్ కొట్టిన కార్మికులకు ఇదే మరో రూపంలో జరిగింది. నిల్వలో, వేడికి, కొన్ని రకాల పొడి మందులో ఐసోమలాథియాన్ అనే మలినం పెరిగింది. అది కూడా ఆ ఎంజైమునే కట్టేస్తుంది. దాదాపు 7,500 మంది కార్మికుల్లో 2,800 మందికి విషం సోకిందని అంచనా వేశారు, ఐదుగురు చనిపోయారు. శుద్ధమైన మలాథియాన్‌తో చేసిన ఎలుక ప్రయోగం ఒక్కటే చూసినవారికి ఇది అంతుబట్టదు.

మన పొలాల్లో ఇది పాత కథ కాదు. ప్రొఫెనోఫాస్ 40 శాతం, సైపర్‌మెత్రిన్ 4 శాతం కలిపిన డబ్బా ఏ మందుల కొట్టులోనైనా దొరుకుతుంది. ఆ కలయిక బాగా పనిచేయడానికి ఒక కారణం, పురుగు సైపర్‌మెత్రిన్‌ను విరుచుకునే ఎస్టరేజ్ ఎంజైములను ప్రొఫెనోఫాస్ కట్టేయడం. పిచికారీ చేసే మనిషి ఒంట్లోనూ ఆ కుటుంబం ఎంజైములే ఉన్నాయి. కంపెనీ కలిపిన డబ్బానైనా కనీసం కలిపి పరీక్షించి ఉంటారు. మా తమ్ముడి లాంటి రైతులు ట్యాంకులో తమకు తోచినట్టు మూడు, నాలుగు మందులు పోసి కలిపేదాన్ని ఏ ఎలుకా చూడలేదు. ఫోనులో ఎన్నిసార్లు పోట్లాడినా మానడు.

ఇంకో సంగతి రాసిపెట్టుకో. ఎలుక రక్తరసంలో కార్బాక్సిలెస్టరేజ్ ఉంటుంది. మనిషి రక్తరసంలో ఉండదు, మనకు ఈ పని ప్రధానంగా కాలేయమే చేయాలి.

*

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటాం. మా కుక్కకు పిడుదులు పోవడానికి మెడ మీద పోసే మందు తెచ్చాం. పెట్టె మీద "పిల్లులకు వాడరాదు" అని పెద్ద అక్షరాలతో ఉంది. కుక్కకు పనికొచ్చేది పిల్లికి విషం ఎలా అవుతుంది?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టెక్సస్)

జవాబు: అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉండి ఉంటుంది. కుక్కల మందుల్లో దాన్ని 45 నుంచి 65 శాతం వరకు పెడతారు. ఎలుక, కుక్క, మనిషి దాన్ని మొదట రెండుగా విరిచి, విరిగిన ముక్కకు గ్లూకురోనిక్ ఆమ్లం వంటివి అతికించి మూత్రంలో తోసేస్తాయి. ఫినాల్ వంటి పదార్థాలకు గ్లూకురోనిక్ ఆమ్లం అతికించే ముఖ్యమైన ఎంజైము పిల్లి జాతిలో పనిచేయదు. దాని జన్యువు వాటిలో చెడిపోయి ఉంది. పులికీ అంతే. పిల్లికి పారాసిటమాల్ ఇవ్వకూడదనేది కూడా ఈ కారణం వల్లనే. మందు పోసిన కుక్కను పిల్లి నాకినా ప్రమాదమే, కాబట్టి అది ఆరే వరకు రెండింటినీ వేరుగా ఉంచండి. పొరపాటున పిల్లి మీద పడితే గిన్నెలు తోమే సబ్బుతో గోరువెచ్చని నీళ్ళలో కడిగి వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. వణుకు మొదలయ్యే దాకా చూస్తూ కూర్చోవద్దు.

*

ప్రశ్న: కాలేయం విషాలను విరిచేస్తుందని మేం పిల్లలకు చెబుతాం. మందు కొట్టి వచ్చాక "డిటాక్స్" రసం తాగితే కాలేయం చురుకై విషం త్వరగా బయటికి పోతుందని ఒక వీడియోలో చూశాను. మా ఊరి వాళ్ళకు చెప్పవచ్చా?
(ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా)

జవాబు: చెప్పకండి మాస్టారూ. ఆ రసం సంగతి ఈ ఒక్క మాటతో వదిలేస్తాను. మొదటి వాక్యం గురించి మాత్రం మాట్లాడాలి.

ఏది విషమో కాలేయానికి తెలియదు. కొవ్వులో కరిగేదాన్ని నీటిలో కరిగేలా మార్చడమే దాని పని. ముందు ఆక్సిజన్ చేర్చడమో, విరవడమో చేస్తుంది. తర్వాత ఏదైనా అతికించి పంపేస్తుంది. ఈ రెండు దశలను స్పష్టంగా విడదీసి చూపిన వేల్స్ శాస్త్రవేత్త ఆర్.టి. విలియమ్స్ 1947లోనే దీనిపై పెద్ద గ్రంథం రాశాడు. మొదటి దశలో పుట్టేది అసలు దానికన్నా మంచిదే కావాలన్న నియమం ఏదీ లేదు. పారాథియాన్‌ను పారాక్సాన్ చేసేది కాలేయమే. 1958లో కేరళలో పారాథియాన్ తగిలిన గోధుమపిండి తిని 100 మందికి పైగా చనిపోయారు. 1968 నాటి పురుగుమందుల చట్టానికి మూలం ఆ ఘటనే.

ఇంకా విచిత్రమైనది ఫ్లోరోఅసిటేట్. ఎలుకలను చంపే మందుగా దీన్ని వాడారు. ఆ అణువు తనంతట తాను పెద్దగా హాని చేయదు. శరీరం దాన్ని మామూలు అసిటేట్ అనుకుని శక్తినిచ్చే సిట్రిక్ ఆమ్ల చక్రంలోకి తీసుకుంటుంది, ఫ్లోరోసిట్రేట్‌గా మారుస్తుంది. అది ఆ చక్రాన్నే ఆపేస్తుంది. బ్రిటిష్ జీవరసాయన శాస్త్రవేత్త రుడాల్ఫ్ పీటర్స్ 1950ల మొదట్లో దీన్ని బయటపెట్టాడు. ఇక్కడ శరీరమే తన చేతులతో విషాన్ని తయారు చేసుకుంటుంది. కాబట్టి కాలేయాన్ని "చురుకు" చేయడం దేనికి మేలు, దేనికి కీడు అన్నది మందు మందుకూ మారుతుంది. కాలేయ ఎంజైములను పెంచే ఫినోబార్బిటాల్‌ను ముందుగా ఇచ్చిన ఎలుకల్లో కొన్ని పురుగుమందుల విషం తగ్గింది, కొన్నింటిది పెరిగింది.

"త్వరగా బయటికి పోతుంది" అన్న మాట కూడా నాకు గిట్టదు. మోనోక్రోటోఫాస్ అనే మరో ఆర్గానోఫాస్ఫేట్‌ను ఎలుకకు ఇస్తే చాలా భాగం ఒక్క రోజులోనే మూత్రంలో వచ్చేస్తుంది. కొవ్వులో పేరుకోదు. కాగితం మీద చూస్తే ముచ్చటైన ఫలితం. అదే మందు 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనంలో కలిసి 23 మంది పిల్లల ప్రాణాలు తీసింది. దానికి గంధకాన్ని తీసే దశ అవసరం లేదు, మొదటి నుంచీ ఆక్సిజన్‌తోనే ఉంటుంది. ఒంట్లో పడ్డ వెంటనే పని మొదలుపెడుతుంది. మందు పోయినా అది పాడుచేసిన ఎంజైము అలాగే ఉండిపోతుంది. ఎర్రరక్తకణాల్లోని ఎంజైము రోజుకు ఒక శాతం చొప్పున మాత్రమే, కొత్త కణాలు పుట్టే కొద్దీ తిరిగి వస్తుంది. మీ పిల్లలకు చెప్పాలంటే ఈ రెండు సంగతులూ చెప్పండి. మందు కొట్టి వచ్చినవాడికి కావలసినవి సబ్బు, నీళ్ళు, మార్చుకోవడానికి బట్టలు. కళ్ళు మసకబారి, చొంగ కారుతూ, చెమటలు పడుతుంటే రసాలు కాదు, ఆసుపత్రిలో అట్రోపిన్ అనే విరుగుడు కావాలి.

*

ప్రశ్న: మా రైతుల మిర్చి నమూనాను పరీక్షకు పంపితే మెథామిడోఫాస్ అవశేషం ఉందని వచ్చింది. వాళ్ళు కొట్టింది ఎసిఫేట్ మాత్రమే అని ప్రమాణం చేస్తున్నారు. ల్యాబు తప్పా, రైతు అబద్ధమా?
(ఎగుమతి వ్యాపారి, గుంటూరు)

జవాబు: రెండూ కాకపోవచ్చు. ఎసిఫేట్ ఆకులో, కాయలో కొంత మేర మెథామిడోఫాస్‌గా మారుతుంది. ఒక చిన్న ఎసిటైల్ భాగం ఊడితే చాలు. పురుగును చంపేది కూడా ప్రధానంగా ఇదే. ఎలుక విషయంలో మెథామిడోఫాస్ ఎసిఫేట్ కన్నా ఎన్నో రెట్లు విషపూరితం.

మరి ఎసిఫేట్ మింగిన ఎలుక ఎందుకు తట్టుకుంటుంది? చాలా భాగం మారకుండానే మూత్రంలో పోతుంది, కొద్దిగానే మెథామిడోఫాస్ అవుతుంది. ఎందుకు కొద్దిగానే అన్నదానికి 1997లో అమెరికాలోని బర్కిలీలో జాన్ కాసిడా బృందం చుంచెలుకల మీద పనిచేసి ఇచ్చిన జవాబు నాకు ఈ శాస్త్రంలోనే అత్యంత ఇష్టమైన వాటిలో ఒకటి. ఆ ఎసిటైల్ భాగాన్ని ఊడదీసే కార్బాక్సిఅమిడేజ్ అనే ఎంజైమును, అలా పుట్టిన మెథామిడోఫాసే కట్టేస్తుంది. తయారైన మొదటి విడత విషం తన తయారీనే ఆపేస్తుంది. పురుగులో ఈ అడ్డు అలా పనిచేయదు. ఎసిఫేట్‌కు పేరు తెచ్చిన భద్రత అంతా ఈ మలుపులో ఉంది.

మీ వ్యాపారానికి వస్తే, మిరపకాయలో ముందే తయారై ఉన్న మెథామిడోఫాస్‌కు ఈ రక్షణ వర్తించదు. తినేవాడి నోట్లోకి అది నేరుగా పోతుంది. అందుకే దిగుమతి దేశాలు ఎసిఫేట్‌కు ఒక పరిమితి, మెథామిడోఫాస్‌కు వేరే పరిమితి పెడతాయి. ఎలుకలో ఒక ప్రయోగం, పంటలో ఒకటి, పాలిచ్చే మేకలో, గుడ్లు పెట్టే కోడిలో ఒక్కొక్కటి విడిగా చేయించడంలో ఉద్దేశం కూడా ఇదే. పంటలో పుట్టే పదార్థం ఎలుకలో పుట్టకపోతే, ఎలుక పరీక్షలు దాని గురించి ఏమీ చెప్పనట్టే. రైతుల మీద కోప్పడే ముందు, చివరి పిచికారీకీ కోతకూ మధ్య ఎన్ని రోజులు వదిలారో అడగండి.

*

ప్రశ్న: ఎలుకలు చాలవని కుక్కలను కూడా ఈ ప్రయోగాలకు వాడతారట. ఇంత క్రూరత్వం అవసరమా?
(జంతు ప్రేమికురాలు, విశాఖపట్నం)

జవాబు: క్రూరత్వం సంగతిలో మీతో వాదించను. కుక్కల గది ముందు నుంచి నడవడం నాకూ ఇష్టం ఉండేది కాదు. కానీ మీ పక్షాన నేను చెప్పగల బలమైన మాట వేరే ఉంది. కొన్నిసార్లు కుక్క తప్పు జవాబు ఇస్తుంది.

వరి, చెరకు పొలాల్లో కలుపుకు వాడే 2,4-డి తెలుసు కదా. ఎలుకలోనూ, మనిషిలోనూ అది దాదాపు మారకుండానే త్వరగా మూత్రంలో పోతుంది. మూత్రపిండంలోని ఒక రవాణా వ్యవస్థ ఇలాంటి ఆమ్లాలను పనిగట్టుకుని బయటికి తోస్తుంది. కుక్కలో ఆ సామర్థ్యం తక్కువ, అందుకే మందు రక్తంలో రోజుల తరబడి నిలుస్తుంది. అందువల్ల ఎలుకకు హాని చేయని మోతాదుకే కుక్కకు జబ్బు చేస్తుంది. చివరికి అమెరికా నియంత్రణ సంస్థ ఈ మందు విషయంలో కుక్క ఫలితాన్ని మనిషికి వర్తించనిదిగా పక్కన పెట్టింది. 2007లో అదే సంస్థ పురుగుమందులకు ఏడాది పాటు సాగే కుక్క ప్రయోగాన్ని తప్పనిసరి జాబితా నుంచి తీసేసింది.

చుంచెలుకల్లో సీఎఫ్-1 అనే జాతి కూడా ఇలాగే తిప్పలు పెట్టింది. అబామెక్టిన్ అనే పురుగుమందు ఇచ్చిన ఆ తల్లుల పిల్లలకు అంగిలి చీలి పుట్టేవి. తర్వాత చూస్తే ఆ జాతిలో కొన్నింటికి, విషాన్ని మెదడులోకీ, మాయ దాటి పిండంలోకీ రాకుండా తోసివేసే పి-గ్లైకోప్రొటీన్ అనే ప్రోటీన్ లేదు. మన మిర్చి రైతులు వాడే ఎమామెక్టిన్ బెంజోయేట్ ఈ అబామెక్టిన్‌కు దగ్గర బంధువే.

ఇప్పుడు ఐరోపా నియమాల్లో, ఎలుక, కుక్క, మనిషి కాలేయ కణాలను గాజు పాత్రల్లో పక్కపక్కన పెట్టి, మందును ఒక్కొక్కటీ ఎలా మారుస్తుందో పోల్చి చూడాలి. మనిషి కణాల్లో మాత్రమే పుట్టే పదార్థం ఏదైనా ఉందా అనేది అక్కడే తెలుస్తుంది. జంతువుల సంఖ్య తగ్గించగల దారి నాకు కనిపించింది ఇదే. పూర్తిగా మానేయవచ్చని మాత్రం నేను అనను. పైత్యరసం, మూత్రపిండం, పేగు, కొవ్వు కలిసి చేసే పనిని గాజు పాత్ర చూపలేదు.

*

ప్రశ్న: ఎలుకకు భద్రమైన మోతాదును 100తో భాగిస్తే మనిషికి భద్రమైనది వస్తుందంటారు. ఆ 100 ఎక్కడిది?
(పోటీ పరీక్షల అభ్యర్థి, కర్నూలు)

జవాబు: 1954లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ శాస్త్రవేత్తలు లేమన్, ఫిట్జ్‌హ్యూ వాడుకలోకి తెచ్చారు. ఎలుకకూ మనిషికీ తేడా కోసం ఒక 10, మనిషికీ మనిషికీ తేడా కోసం ఇంకో 10. గుండ్రటి అంకె కాబట్టి ఎంచుకున్నారు, అంతకన్నా గొప్ప రహస్యం లేదు. 1993లో బ్రిటిష్ విషశాస్త్రవేత్త రెన్విక్ మొదటి 10ని 4గా, 2.5గా విడదీశాడు. 4 అనేది మందును శరీరం నడిపించే తీరులోని తేడాకు, అంటే ఈ ఉత్తరాలన్నింటిలో మాట్లాడుకున్నదానికి. 2.5 అనేది అవయవం దానికి స్పందించే తీరులోని తేడాకు. రెండో 10కి ఉదాహరణ కావాలంటే పారాక్సొనేజ్ ఎంజైము చూడండి. క్లోరిపైరిఫాస్ నుంచి పుట్టే విషరూపాన్ని రక్తంలో విరిచేది ఇదే. కుందేలుకు ఎక్కువ, పక్షులకు చాలా తక్కువ. మనుషుల్లో జన్యువును బట్టి మారుతుంది, అప్పుడే పుట్టిన బిడ్డలో పెద్దవారికన్నా బాగా తక్కువ.

*

ప్రశ్న: సీజను పొడవునా పత్తికి మందు కొడతాను, కూలికి. మూత్రం పరీక్ష చేయించుకుంటే నా ఒంట్లో ఎంత మందు ఉందో తెలుస్తుందా అమ్మా?
(వ్యవసాయ కూలీ, ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: తెలుస్తుంది బాబూ, కానీ నీకు కావలసింది ఆ పరీక్ష కాదు. క్లోరిపైరిఫాస్ అయితే ట్రైక్లోరోపిరిడినాల్, చాలా రకాల సింథటిక్ పైరెత్రాయిడ్లు అయితే ఫినాక్సీబెంజోయిక్ ఆమ్లం, చాలా ఆర్గానోఫాస్ఫేట్లు అయితే డయాల్కైల్ ఫాస్ఫేట్లు అని మూత్రంలో వెతుకుతారు. వీటి పేర్లు మనకు తెలిసింది ఎలుకల మూత్రం వల్లనే. అయితే ఈ పదార్థాలు కూరగాయల మీద కూడా ముందే విరిగి ఉంటాయి, తింటే నేరుగా మూత్రంలోకి వస్తాయి. కాబట్టి మూత్రంలో కనిపించినదంతా పొలంలో సోకిన మందే అని అనుకోవడానికి లేదు. పైగా ఆ పరీక్షలు పరిశోధన సంస్థల్లో తప్ప మామూలుగా చేయరు.

నీకు పనికొచ్చేది రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష. ఇది పెద్ద ఆసుపత్రుల్లో దొరుకుతుంది. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులకు మాత్రమే పనికొస్తుంది, మిగతా వాటిని పట్టదు. ఒక మెలిక ఉంది. ఈ ఎంజైము మామూలు స్థాయి మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. నీది సగానికి పడిపోయినా, పక్కవాడి మామూలు స్థాయితో పోలిస్తే బాగున్నట్టే కాగితంలో రావచ్చు. అందుకని మందు కొట్టడం మొదలుపెట్టక ముందే, జూన్‌లోనే ఒకసారి చేయించి ఆ కాగితం దాచుకో. కాలిఫోర్నియాలో ఈ మందులతో పనిచేసే కార్మికులకు 1974 నుంచి ఇలాగే ముందు పరీక్ష చేయించాలనే నియమం ఉంది, ఖర్చు యజమానిదే. మన దగ్గర ఆ ఖర్చు నిన్ను పనిలో పెట్టుకున్న రైతును అడుగు. నలుగురు కూలీలు కలిసి అడిగితే కాదనడం కష్టం. రెండో పరీక్ష సీజను మధ్యలో, వరసగా కొన్ని రోజులు కొట్టిన తర్వాత చేయించు. మొదటి దానితో పోలిస్తే 30 శాతం తగ్గి ఉంటే, అది మళ్ళీ పెరిగే దాకా మందు పని మానేసి వేరే పని చూసుకో.